బీరువాలో బిగబట్టిన ఊపిరి

తెర మీద దెయ్యానికి కాళ్ళుండవు కానీ నడక మాత్రం ఉంటుంది. ఆ నడక చప్పుళ్ళక్కది.

స్టూడియో వెనకవైపు కిటికీ లేని గది ఒకటుంది. గోడలకి దూది పరుపులు కొట్టేసి, బయటి కాకి కూత కూడా లోపలికి రాకుండా కట్టుదిట్టం చేశారు. లోపల అడుగుపెడితే పాతసామాన్ల కొట్టు అనుకుంటారు ఎవరైనా. ఒక తొట్టెలో ఇసుక, ఒక తొట్టెలో కంకర, ఒక మూల ఎండుటాకులు, గోడ లేకుండా నిలబెట్టిన తలుపొకటి, జత కలవని చెప్పులు ఓ గుట్ట. ఎదురుగా తెర. తెర మీద కథానాయిక మేడమెట్లు ఎక్కుతుంటే, ఇక్కడ చప్పుళ్ళక్క ఆమె చెప్పుల్లాంటివి తొడుక్కుని మైకు ముందు చెక్కపలక మీద అడుగులు వేస్తుంది. సీరియల్లో వినపడేది ఆ చప్పుడే. యాభై దాటిన మనిషి. అయినా పాతికేళ్ళ పిల్ల నడక, తాగుబోతు నడక, భయపడి కూడా పడనట్టు నటించే మొగవాడి నడక, అన్నీ ఆ కాళ్ళలోనే ఉన్నాయి.

దెయ్యం ఎవడి మెడైనా విరిచిందంటే అది పచ్చిముల్లంగి. పొద్దున స్టూడియోలో విరిగిన ఆ ముల్లంగి సాయంత్రానికి ఇంట్లో కూరైపోయేది. ఆ ఇంట్లో వాళ్ళు ఇన్నేళ్ళలో ఎంతమంది మెడలు తిన్నారో లెక్కలేదు.

ఆవిడకి తన పనంటే గర్వం. ఉండాలి మరి. కష్టపడి చేసుకున్న దాని మీద గర్వం లేనివాళ్ళు పని రానివాళ్ళయినా అయ్యుండాలి, అబద్ధాలకోరులయినా అయ్యుండాలి. టీవీలో దెయ్యాల సీరియల్ చూసి పక్కింటావిడ "అబ్బ, ఆ గొలుసుల చప్పుడుకి గుండె గుభేలుమంది వదినా" అందంటే చాలు, ఆ రోజుకి చప్పుళ్ళక్కకి వేరే భోజనం అక్కర్లేదు.

ఇంత గర్వంగల మనిషి చేతులారా చేసుకున్న పొరపాటు ఒకటే. తోటికోడల్ని తెచ్చి అదే స్టూడియోలో పెట్టింది.

మరిది పెళ్ళాం. ఇంట్లో అందరూ చిన్నది అంటారు. చప్పుళ్ళక్క ఇంట్లోనూ పెద్దది, పనిలోనూ పెద్దది. చిన్నది డిగ్రీ చదివి గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటే జాలిపడి, దర్శకుడి చెవిన వేసి, కంప్యూటర్ ముందు ఓ కుర్చీ ఇప్పించింది. తీసిన ముక్కలకి పేర్లు పెట్టి వరసలో పెట్టడం దాని పని. అదేమో పేర్లు పెడుతూ పెడుతూ ముక్కలు అతకడం నేర్చింది, అతుకుతూ అతుకుతూ కొయ్యడం నేర్చింది. పాత ఎడిటర్ వేరే కంపెనీకి పోగానే ఆ కుర్చీలో కూర్చుంది. కుర్చీకి మెత్త కూడా వచ్చింది. చప్పుళ్ళక్కకి ఇన్నేళ్ళలో ఎవరైనా మెత్త వేశారా? ఆవిడ పని నిలబడి చేసేదేననుకోండి, అయినా వెయ్యొచ్చుగా!

మెత్త సంగతి ఎలాగో మింగింది. మింగుడుపడనిది వేరే ఉంది. తను రోజంతా చెమటోడ్చి మెట్టు కిర్రుమనే చప్పుడొకటి తయారుచేస్తుంది. చెక్క మార్చి, మేకు వదులు చేసి, నూనె తుడిచి, మళ్ళీ రాసి, ఇక ఇంతకన్నా కిర్రుమనడం ఏ మెట్టు తరమూ కాదనేదాకా తెస్తుంది. చిన్నది కుర్చీలో కూర్చుని, వేలుతో ఒక్క నొక్కు నొక్కి దాన్ని తీసేస్తుంది. పైగా తీసేసినందుకు దాన్ని మెచ్చుకుంటారు! చేసినవాళ్ళని మెచ్చుకుంటే న్యాయం. తీసేసినవాళ్ళని మెచ్చుకోవడమేమిటి? వంట చేసిన మనిషిని వదిలేసి, గిన్నె ఎత్తుకుపోయిన మనిషికి దండ వేసినట్టు.

దర్శకుడికి ఓ అలవాటుంది. ప్రతి ముఖ్యమైన ఎపిసోడూ టీవీకి పంపేముందు, స్టూడియోలోని చిన్న హాల్లో పనివాళ్ళ ఇళ్ళవాళ్ళని కూర్చోబెట్టి చూపిస్తాడు. దానికి అందరూ పెట్టుకున్న పేరు జడుపు పరీక్ష. చూసేవాళ్ళు తెర చూస్తారు, దర్శకుడు పక్కన నిలబడి వాళ్ళ చేతులూ కాళ్ళూ చూస్తాడు. అరిచినవాళ్ళని ఆయన లెక్కలోకి తీసుకోడు. "అరవడం సులువండీ, పళ్ళెం కింద పడేసినా అరుస్తారు. చేతిలో ఉన్నది మర్చిపోయారా లేదా, అదీ నాకు కావలసింది" అంటాడు.

ఆ పరీక్షకి తిరుగులేని కొలబద్ద చప్పుళ్ళక్క అత్తగారు. ఎనభైకి దగ్గరపడిన ఆవిడ దేనికీ జడవదు. చేతిలో అల్లిక పని పెట్టుకుని వస్తుంది. రక్తం కారుతుంటే "రంగు పల్చబడింది" అంటుంది, శవం లేస్తే "వీడు ఊపిరి పీలుస్తున్నాడర్రా, పొట్ట చూడండి" అంటుంది. ఆవిడ అల్లిక ఆగిందంటే ఎపిసోడ్ గట్టెక్కినట్టే.

మెట్ల సీనుకి ఆవిడ అల్లిక మొదటిసారి ఆగింది. మెట్టు కిర్రుమన్నప్పుడు కాదు. మూడు మెట్లు కిర్రుమన్నాక, నాలుగో మెట్టు దగ్గర చిన్నది చప్పుడు తీసేసింది. అడుగు పడింది, కిర్రు రాలేదు. అక్కడ సూదులు ఆగిపోయాయి.

"నాలుగోది ఏమైందే?" అని గుసగుసగా అడిగింది అత్తగారు. దీపాలు వెలిగాక చిన్నదాని బుగ్గ పుణికి, "నీ చెయ్యి పడితే చాలే, నా పై ప్రాణాలు పైనే పోయాయి" అంది. పెద్దకోడలు పక్కనే నిలబడి ఉంది. ముందు మూడు మెట్లూ కిర్రుమనకపోతే నాలుగో దాని కోసం ఎవరు చెవులు రిక్కిస్తారు? ఆ మాట ఎవరూ అనలేదు. ఆవిడ కూడా అనలేదు. అడిగి పెట్టించుకునే మెప్పు ఆవిడకి అక్కర్లేదు. కానీ ఆ రోజు కూరలో ఉప్పు రెండుసార్లు పడింది.

సీరియల్ ఆఖరి ఎపిసోడ్‌కి వచ్చేసరికి దర్శకుడు ఇద్దర్నీ పిలిచాడు.

"అక్కగారూ, కొత్త సీరియల్ ఒప్పుకున్నారు చానెల్ వాళ్ళు. ఇకమీదట చప్పుళ్ళకీ ఎడిటింగ్‌కీ కలిపి ఒక్కరే పెద్దగా ఉండాలట. నాకు మీరిద్దరూ రెండు కళ్ళు. ఆఖరి ఎపిసోడ్ జడుపు పరీక్షలో ఎవరి పని ఆడిందో చూసి చెప్పేస్తాను. ఎవరొచ్చినా రెండోవారు వారి మాట వినాలి."

"వింటాంలెండి" అంది చిన్నది నవ్వుతూ.

చప్పుళ్ళక్క నవ్వలేదు. వినడమంటే? రేపు చిన్నది మెత్త కుర్చీలోంచి "అక్కా, ఆ తలుపు మళ్ళీ వెయ్యి" అంటే తను వెయ్యాలా? ఇంట్లో తను కాఫీ పెట్టమంటే పెట్టే పిల్ల! అంతకంటే ఆ ముల్లంగికి బదులు తన మెడే విరుచుకోవడం నయం.

ఆఖరి సీను ఇదీ. పాత ఇంట్లో చిన్న గది. గదిలో పెద్ద చెక్క బీరువా. కథానాయిక దాని ఎదురుగా మంచం మీద కూర్చుని ఉంటుంది. లోపల ఏదో ఉందని ఆమెకి తెలుసు, మనకీ తెలుసు. అంతే.

చప్పుళ్ళక్క ఆ లోపలున్నదానికి ఊపిరి తయారుచేసింది. తడిపిన తోలు చేతితొడుగు, సగం ఊదిన బుడగ, కింద తన సొంత గొంతులోంచి గరగర. విన్న సౌండ్ ఇంజినీరు హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టి, "అక్కా, మా ఇంట్లో బీరువా అమ్మేస్తాను" అన్నాడు. ఇక ఆ పెద్దరికం తన చీరకొంగున ముడేసినట్టే అనుకుంది ఆవిడ.

రెండ్రోజులకి చిన్నది చప్పుళ్ళ గదికి వచ్చింది. తలుపు దగ్గరే నిలబడి గాజులు సవరించుకుంది.

"అక్కా, ఆ ఊపిరి..."

"ఏం, చాల్లేదా?"

"చాలా బాగుంది. అందుకే తీసేశాను."

చప్పుళ్ళక్క చేతిలో చెప్పు చేతిలోనే ఉండిపోయింది. "ఏమన్నావూ?"

"అది వినగానే లోపలున్నది ఎంత పెద్దదో, ఎక్కడ నిలబడిందో తెలిసిపోతోంది అక్కా. తెలిశాక ఇంకేం భయం? ఏమీ వినపడకపోతే ఎవరికి తోచింది వాళ్ళు పెట్టుకుంటారు లోపల. బొమ్మ కూడా కట్ చెయ్యను. ఆ అమ్మాయి మొహం మీదే ఉంచేస్తాను, చూసేవాళ్ళే ఇంక కట్ చెయ్యండ్రా బాబూ అనుకునేదాకా."

"అంటే నేను చేసిందేదీ ఉండదు."

"ఉండదని కాదు..."

"ఉంటుందా?"

"ఉండదు."

"చెప్పు మరి, ముసుగులెందుకు! మొన్న మెట్టు, ఇవాళ ఊపిరి. రేపు నా కాళ్ళు కూడా కోసి పక్కన పెడుదువుగాని. పరీక్ష ముందు తియ్యాలని తోచిందేం నీకు? నా చప్పుడుకి అత్తయ్య అల్లిక ఆగిపోతుందని కాదూ?"

చిన్నదాని మొహం ఎర్రబడింది. "నాకూ కావాలక్కా ఆ పని. అక్కర్లేదని అబద్ధమెందుకాడాలి? కానీ దానికోసం తియ్యలేదు." మెల్లగా అంది, "ఆ బీరువా గది రూమ్ టోన్ ఒకసారి పంపుతావా? నా దగ్గరున్నదాంట్లో ఎవరో దగ్గారు."

రూమ్ టోన్ అంటే ఉత్తగా ఉన్న గది చేసే చప్పుడు. షూటింగ్ అయ్యాక అందర్నీ కదలొద్దని నిలబెట్టి, కాసేపు ఆ ఉత్త గదినే రికార్డు చేసి ఉంచుతారు. చప్పుడు తీసేసిన చోట అది పరవాలి. ఏదీ పరవకపోతే జనం టీవీ పాడైందని లేచి రిమోట్ వెతుక్కుంటారు. ఏ గది ఉత్త చప్పుడు దానిదే. వంటగదిది పడగ్గదికి అతకదు. అవన్నీ దాచేది చప్పుళ్ళక్కే.

"పంపుతాలే, పో" అంది.

మధ్యాహ్నం అందరూ అన్నాలకి పోయినప్పుడు సెట్‌లోకి వెళ్ళింది. గది ఇంకా విప్పలేదు. బీరువా అక్కడే ఉంది. మైకు మంచం పక్కన నిలబెట్టి, రికార్డు మీట నొక్కి, ఆవిడ బీరువాలోకి ఎక్కి తలుపు దగ్గరగా వేసుకుంది. సన్నటి సందులోంచి ఖాళీ మంచం కనిపిస్తోంది. ఊపిరి బిగబట్టింది.

నా ఊపిరి తీసేస్తుందా? తీసెయ్యనీ. దానికి బదులు పరిచే మౌనంలోనే నేనుంటాను. జనం జడిస్తే నాది, చెడితే దానిది. ఇదీ ఆవిడ ఆలోచన. మంచి ఆలోచన అని ఎవరంటారు? అసూయపడ్డ మనిషికి మాత్రం అంతకన్నా మంచిది తోచదు.

బిగబట్టినకొద్దీ అన్నీ గుర్తొచ్చాయి. మెత్త కుర్చీ. బుగ్గ పుణికిన అత్తగారు. "చిన్నావిడ ఉందా లోపల?" అని తన గుమ్మంలో నిలబడి అడిగే దర్శకుడు. సందులోంచి కనిపిస్తున్న మంచం మీద చిన్నది కూర్చుని ఉన్నట్టే అనిపించింది, కాళ్ళూపుకుంటూ, పాటేదో కూనిరాగం తీసుకుంటూ. చప్పుళ్ళక్క రెప్పవెయ్యకుండా చూసింది. ముక్కులోంచి సన్నగా గాలి జారింది. గుటక పడింది. మళ్ళీ బిగబట్టింది. బయటికొచ్చేసరికి జాకెట్టు వీపుకి అంటుకుపోయింది.

ఆ ముక్కకి రూమ్ టోన్ అని పేరు పెట్టి చిన్నదానికి పంపేసింది.

పరీక్ష రోజు హాలు నిండింది. ముందు వరసలో అత్తగారు, అల్లికతో. పక్కన పెద్దకొడుకు, చిన్నకొడుకు. వెనక పనివాళ్ళ ఇళ్ళవాళ్ళు. గోడవారన దర్శకుడు, పక్కన చానెల్ నుంచి వచ్చిన మనిషి. తలుపు దగ్గర చప్పుళ్ళక్క, ఇంకో మూల చిన్నది. ఇంట్లోంచి ఇద్దరూ ఒకే బస్సులో వచ్చారు, ఒక్క మాటా లేకుండా.

ఆఖరి సీను వచ్చింది. మంచం, అమ్మాయి, ఎదురుగా బీరువా. బొమ్మ అమ్మాయి మొహం మీదికి వెళ్ళి ఆగిపోయింది. పాట లేదు, చప్పుడు లేదు. ఉత్త గది.

"ఏం జరగట్లేదేమిటర్రా" అంది అత్తగారు, సూదులు ఆడిస్తూ.

బొమ్మ మారలేదు. అమ్మాయి రెప్పవేసింది. వెనకెవరో కుర్చీలో సర్దుకోబోయి మానేశారు. ఆ తర్వాత, ఎక్కడో తెలీదు, ఏమిటో తెలీదు, మౌనం ఒక్క రవ్వ చిక్కబడింది.

సూదులు ఆగాయి. అత్తగారు రెండు కాళ్ళూ కుర్చీ మీదికి లాక్కుంది. దారం ఉండ ఒళ్ళోంచి జారి దొర్లుకుంటూ పోయింది. ఆవిడ చూడలేదు.

"లోపల ఎవరో ఉన్నారే" అంది. "ఆ పిల్లనే చూస్తున్నారే."

అప్పుడు బొమ్మ మారింది. బీరువా తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఏమీ లేదు. తలుపు తెరుచుకున్న చప్పుడు రాలేదు, ఎప్పుడు తెరుచుకుందో ఎవరికీ తెలీదు. తెర నల్లబడింది.

ఎవరూ అరవలేదు. దీపాల కోసం ఎవరో టక్కున స్విచ్చి వేశారు. అప్పుడు స్టూడియో డ్రైవరు, గుబురు మీసాల మనిషి, "అమ్మో!" అని పక్కవాడి ఒళ్ళో పడ్డాడు. హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుని నవ్వింది.

దర్శకుడు నేరుగా చిన్నదాని దగ్గరికి నడిచాడు. "ఏమీ లేకుండా భయపెట్టావు తల్లీ! ఏమీ లేకుండా!"

చానెల్ మనిషి కూడా తలాడించాడు. "ఉత్త మౌనంతో ఇంత పని!"

చప్పుళ్ళక్క ఆగింది. ఏమీ లేకుండా అన్న మాట ఒకసారి పడింది, రెండోసారి పడింది. ఇంకెక్కడ ఆగుతుంది!

"ఏమీ లేకపోవడమేంటండీ?" అని గొంతెత్తింది. "నేనున్నాను అందులో! అది ఉత్త గది కాదు. బీరువాలో నిలబడి ఊపిరి బిగబట్టింది నేను. రూమ్ టోన్ అని చెప్పి దానికి అంటగట్టాను. మీరు జడిసింది నాకు, దానికి కాదు!"

దర్శకుడు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "నిజమేనా?" అని చిన్నదాన్ని అడిగాడు.

"నిజమే" అంది చిన్నది. "తెలుసు."

"తెలుసా!" అంది చప్పుళ్ళక్క.

"హెడ్‌ఫోన్ పెట్టుకుని వినగానే చెయ్యి వెనక్కి లాక్కున్నానక్కా. ఎవరో నన్నే చూస్తున్నట్టు అనిపించింది. వెనక్కి తిరిగి కూడా చూశాను."

"మరి తీసెయ్యలేదేం? తీసెయ్యడమేగా నీ పని!"

"భయమేసింది కాబట్టి ఉంచాను. అంతా ఉంచలేదు. ముందు సగం నా దగ్గరున్న ఉత్త గదే వేశాను, దగ్గు కోసేసి. నువ్వు గుటక మింగావు చూడు, దానికి ముందు ముక్కులోంచి గాలి జారుతుంది. అక్కడ మొదలుపెట్టాను. నువ్వు మళ్ళీ బిగబట్టిన చోట కోసేశాను. నువ్వు వదులుతావేమో అని ఎదురుచూస్తూ ఉండిపోతారు అందరూ."

చప్పుళ్ళక్కకి తలకొట్టేసినట్టయింది. దొంగచాటుగా దాని ఇంట్లో పెట్టిన వస్తువుని అది తీసి, తుడిచి, సరైన చోట అమర్చి పెట్టింది. తిట్టడానికి కూడా సందు వదల్లేదు.

అత్తగారు కాళ్ళు దించుకుంటూ ఇటు తిరిగింది. "ఏమే పెద్దదానా, ఊపిరే బిగబట్టావా? ఉత్త ఊపిరికే నా అల్లిక ఆగిందా? ఎవరి మీద కోపంతో బిగబట్టావే తల్లీ అంత?"

"ఎవరి మీదేంటి అత్తయ్యా? మీ చిన్నకోడలి మీదే."

హాలంతా గొల్లుమంది. చప్పుళ్ళక్క నవ్వలేదు, చిన్నదీ నవ్వలేదు.

దర్శకుడు చెంప రుద్దుకున్నాడు. "అక్కగారూ, ఊపిరి మీదే. కాదనను. కానీ అది ఎక్కడుంటే భయమో ఆవిడకి తెలిసింది. మీరు పంపినప్పుడు మీకు తెలుసా?"

అబద్ధమాడదామా అని ఒక్క క్షణం అనిపించింది. "తెలీదు" అంది.

పెద్దరికం చిన్నదానికి వెళ్ళింది.

ఆ సాయంత్రం వంటింట్లో గిన్నెలు మామూలు కంటే ఎక్కువ మోగాయి. మొగుడు గుమ్మంలోకి వచ్చి, "పోనీలెద్దూ, ఇంటి మనిషికేగా వచ్చింది" అన్నాడు.

"మీ తమ్ముడికి మీకంటే ముందు జీతం పెరిగితే మీరు వారం రోజులు గడ్డం గీసుకోలేదు. ఇంటి మనిషి కాదా వాడు?" అంది. ఆయన వచ్చినదారినే పోయాడు.

పని మానేస్తాననుకుంది. మానేస్తే ఏమవుతుంది? ఆ గదిలో ఇంకెవరో వచ్చి, ఇసుకలో కంకరలో కాళ్ళు పెడతారు. అది చిన్నది పెద్దదవడం కంటే భరించలేని సంగతి. పొద్దున్నే లేచి, అందరికంటే ముందు స్టూడియోకి పోయి, తొట్టెల్లో ఇసుక చదును చేసుకుంటూ కూర్చుంది.

చిన్నది వచ్చింది. గుమ్మంలో నిలబడింది. మొదటి హుకుం ఎలా ఇవ్వాలో తెలీక నానా తంటాలు పడుతోందని మొహమే చెబుతోంది. అది చూసి చప్పుళ్ళక్క ప్రాణం కొద్దిగా చల్లబడింది.

"అడుగు. పెద్దదానివైపోయావుగా. అడగడానికేం?"

"కొత్త సీరియల్లో బావి సీనొకటుందక్కా. దానికి అలాంటి మౌనమే ఇంకోటి కావాలి. మొన్నటిదే వాడదామంటే అతకట్లేదు. నువ్వయితేనే..." ఆగింది. "నువ్వు చేస్తేనే వస్తుంది."

"అది ముల్లంగి కాదే, విరిస్తే రావడానికి."

"మరేం కావాలి? చెప్పు, తెప్పిస్తాను."

చప్పుళ్ళక్క చేతులు దులుపుకుని లేచింది. మైకు సరిచేసుకుంది.

"పోయి నీ మెత్త కుర్చీ తెచ్చుకో."

"కుర్చీ ఎందుకక్కా?"

"తెమ్మన్నానుగా."

చిన్నది కుర్చీ లాక్కొచ్చింది.

"అక్కడ వెయ్యి, నాకెదురుగా. కూర్చో. కాళ్ళూపకు, చప్పుడవుతుంది."

చిన్నది కూర్చుంది. కుర్చీలో వెనక్కి వాలి, పెద్దరికం ఉట్టిపడేలా చేతులు కట్టుకుంది.

"ఆఁ, అలాగే ఉండు" అంది చప్పుళ్ళక్క. రికార్డు మీట నొక్కి, చిన్నదాన్నే చూస్తూ ఊపిరి బిగబట్టింది.